గేరు రాడ్డుకి పావడ బొందు

మా పెదనాయన కారు ఎక్కేముందు చెప్పులు విప్పేవారు. విప్పిన జతను ఒక పాత గుడ్డ సంచిలో వేసి కాళ్ల దగ్గర పెట్టుకునేవారు. లక్ష్మి కొలువున్న బండిలోకి వీధులు తిరిగిన చెప్పులతో ఎట్లా ఎక్కుతారని ఆయన బాధ. ఆయనకి డ్రైవింగ్ రాదు. నేర్చుకోవాలన్న ఆశ కూడా ఎప్పుడూ ఉన్నట్టు లేదు. కాని బండి ఆయన పేరు మీదే ఉండేది. మద్రాసు చూలైలో మా ఉమ్మడి ఇల్లు, పప్పుల మండీ, ఇంట్లో ఎవరు ఏ పనికి ఎప్పుడు బయల్దేరాలన్న నిర్ణయం, అన్నీ ఆయనవే. మా నాయనకి అన్న, ఇంటికి పెద్ద. ఆయన మాటకి ఎదురు చెప్పిన మనిషిని నేను అప్పటికి చూసి ఉండలేదు.

ఇది తొంభైల మధ్యలో మాట. నేను కాలేజీలో చదువుతున్నాను. ఆ ఎర్ర కారు ఇంటికి వచ్చిన కొత్తలో జీతానికి పెట్టుకున్న డ్రైవరు కొన్నాళ్లకే మానేశాడు. నాయన ఊరి చివర మనలిలో ఒక ఫ్యాక్టరీలో పని చేసేవాడు, వాళ్ల బస్సులోనే పోయి వచ్చేవాడు. కారంటే ఆయనకి చచ్చేంత భయం. పక్క సీట్లో కూర్చుని కూడా లేని బ్రేకు తొక్కుతూ ఉంటాడు. అట్లా మూలపడి దుమ్ము పట్టిపోతున్న బండిని, డ్రైవింగ్ స్కూలుకి పోయి నేర్చుకుని మళ్లీ రోడ్డెక్కించింది మా అమ్మ.

సరదాకి కాదు. అమ్మ చీరల కింద కట్టుకునే పావడలు కుట్టించేది. గుడ్డ తాన్లు కొని, కత్తిరించి, చూలైలోనూ మనలి దగ్గర కాలనీల్లోనూ మిషన్లున్న ఆడవాళ్ల ఇళ్లకి చేరవేసేది. కుట్టినవి మళ్లీ తెచ్చి పురసవాక్కం బట్టల కొట్లకి వేసేది. రిక్షాలోనో బస్సులోనో అయ్యే పని కాదది. కారు వచ్చాకే ఆ వ్యాపారం వ్యాపారమైంది. వెనక సీటు నిండా మూటలు వేసుకుని, కొంగు బిగించి ఆమె బండి తీస్తుంటే వీధి వీధంతా చూసేది. నేనూ చూసేదాన్ని, గర్వంగా.

ఆ ఏడు తమిళుల ఆడి నెలలో, కొట్లల్లో తగ్గింపు అమ్మకాలతో పావడలకి మంచి గిరాకీ ఉన్న రోజుల్లోనే, మేడ మెట్ల మీద తడికి జారి అమ్మ ఎడమ మణికట్టు విరిగింది. కట్టు విప్పాక ఎముక అతుక్కుంది కాని వేళ్లు మాట వినలేదు. సగం దాకా ముడుచుకుని ఆగిపోయేవి. పిడికిలి పట్టలేకపోయేది. గేరు వేయాల్సింది ఆ చేత్తోనే. ఆ కారు గేరు రాడ్డు తలకుండే పిడి, నాబ్, చూస్తే బొటనవేలంత లావు, నున్నటి ప్లాస్టిక్. వేళ్లు చుట్టి పట్టుకుంటే తప్ప చేతికి దొరకదు. ఒకరోజు ధైర్యం చేసి బండి తీయబోయింది. చెయ్యి జారింది, గేరు పడలేదు, బండి దొర్లుకుంటూ పోయి ఎదురింటి గేటుకి తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. కాని పెదనాయన వాకిట్లో నిలబడి చూస్తూనే ఉన్నారు.

ఆ సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టి తేల్చేశారు.

"దీపావళి కాంగానే బండి అమ్మేద్దాం. ఆ చేత్తో నడిపితే రేపు ఎవురి బిడ్డనో గుద్దేస్తుంది. నాకు కోపం కాదమ్మా. భయం."

అది నిజంగా భయమేనని నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం కడుపు మండిపోయింది. నాయన వైపు చూశాను. ఆయన గోడ మీది క్యాలెండరులో ఏదో ముఖ్యమైన సంగతి ఉన్నట్టు దాన్నే చూస్తున్నాడు. నాకు నోరెక్కువని ఇంట్లో పేరు. ఏదో అనబోతే అమ్మ చూపుతోనే ఆపింది. బండి పోతే ఏం పోతుందో ఆమెకి తెలిసినంత ఎవరికి తెలుసు? పావడలు పోతాయి. మిషన్ల మీద కూర్చున్న ఆడవాళ్ల పని పోతుంది. తర్వాత వంటింట్లో కూర్చుని ఆ వేళ్లను చూసుకోవడమే.

"ఒకసారి నాతో కూడా రండి బావగారూ," అంది అమ్మ. "పురసవాక్కం దాకా పోయి వద్దాం. మీకు ఏడ భయం పుడితే ఆడనే తాళం ఇచ్చేస్తాను. మళ్లా అడగను."

పెదనాయన కూడా ఆ క్యాలెండరు వైపే చూసుకున్నారు. "సరి. గురువారం పోదాం. రాహుకాలం లోపల ఇల్లు చేరల్ల."

పుదుపేటలో పాత సామాను కొట్ల మధ్య కార్లకి సోకులు అమ్మే దుకాణం ఒకటి ఉంటే అక్కడ దొరికింది ఆ నాబ్. కర్రతో చేసింది, నల్లటి పాలిష్, బత్తాయి కంటే కాస్త చిన్నది. అమ్మ దాన్ని కొట్లో నిలబడే అరచేత్తో పట్టి చూసింది. వేళ్లు ముడవాల్సిన పని లేదు. చెయ్యి దాని మీద పెట్టి నెడితే చాలు. పట్టుకున్న ఆ క్షణం అమ్మ ముఖంలో వెలుగు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. అన్ని బండ్లకీ సరిపోతుందని కొట్టువాడు తమిళంలో ఒట్టేసి మరీ చెప్పాడు. ఏ బండికీ సరిగ్గా సరిపోదని దాని అర్థమని ఇంటికి వచ్చాక తెలిసింది.

బుధవారం మధ్యాహ్నం పెదనాయన మండీకి పోయాక, వాకిట్లో నిలిపిన కారులో అమ్మా నేనూ ముందు సీట్లలో చెరో పక్క చేరాము. పాత నాబ్‌ను తిప్పితే మరలు ఊడి చేతికి వచ్చింది. అక్కడ మొదలైంది తంటా. గేరు రాడ్డు చుట్టూ కింద దుమ్మూ చెత్తా పోకుండా ఒక రెక్సిన్ తొడుగు ఉంటుంది కదా, దాన్ని బూటు అంటారు. దాని మెడలో ఒక ప్లాస్టిక్ వలయం ఉండేది, అది పాత నాబ్ అడుగున ఉన్న గాడిలో టక్కున పట్టుకునేది. కొత్త నాబ్‌కి ఆ గాడే లేదు. పట్టు లేని బూటు జారిపోయిన మేజోడులా కిందికి కుప్పపడింది. నల్లటి ఇనప రాడ్డు నిలువునా బయటపడింది.

రాడ్డుతో పాటు ఇంకొకటి కూడా బయటపడింది. పెదనాయన దారాలు.

ప్రతి ఆయుధ పూజకీ పెదనాయన పసుపు దారానికి పసుపు కొమ్ము ముడేసి, బూటు కొంచెం దించి గేరు రాడ్డుకి కట్టి, కొసలు మాత్రం నాబ్ కింద నుంచి బయటికి కనిపించేట్టు వదిలేవారు. అందరూ స్టీరింగ్‌కి కడతారు, ఈయనకి మాత్రం బండి ప్రాణం గేరులో ఉంటుందని నమ్మకం. కట్టిన దారాన్ని కత్తిరించకూడదు. అది దానంతట అదే పుచ్చి రాలిపోవాలి. రాలేవి కావు. ఏటేటా కట్టినవన్నీ నూనె జిడ్డూ కుంకుమా పట్టి, బూటు లోపల, నాబ్‌కి సరిగ్గా కింద, రాడ్డు మెడకి గట్టి ముద్దగా పట్టుకుని ఉన్నాయి. కొమ్ములు రాళ్లలాగా ఎండిపోయాయి. కొత్త నాబ్ అడుగు భాగం వెడల్పైనది. ఆ ముద్ద అక్కడ ఉంటే అది కిందికి దిగదు.

"కత్తిరిద్దాం మా," అన్నాను.

"నోరు ముయ్యి. మీ పెదనాయన ఎక్కంగానే మొదట చూసేది అదిదా."

"మరెట్లా?"

"కిందికి తోద్దాం. బూటు అడుగుకి. కత్తిరించనట్టూ ఉంటుంది, అడ్డం లేనట్టూ ఉంటుంది."

స్క్రూడ్రైవరు మొన పెట్టి చుట్టూ కొంచెం కొంచెం తోస్తూ ఆ ముద్దను రాడ్డు మొదటి దాకా, నేలలోకి రాడ్డు దిగే రబ్బరు కప్పు దగ్గరికి దింపాము. తర్వాత కొత్త నాబ్. దాని మరలు మా రాడ్డు మరలకి కలవలేదు. నాబ్‌తో పాటు ఇచ్చిన ప్లాస్టిక్ గొట్టాన్ని రాడ్డుకి తొడిగి, దాని మీద నాబ్ పెట్టి, పక్కన చిన్న స్క్రూలు ఎల్ ఆకారం తాళంచెవితో బిగించాలి. ఒక స్క్రూ బిగిస్తే నాబ్ ఒక పక్కకి ఒరుగుతుంది. రెండోది బిగిస్తే నాబ్ తల మీద చెక్కిన గేర్ల బొమ్మ వంకరవుతుంది. ఆ బొమ్మ వంకరగా ఉంటే పెదనాయన కంటికి మొత్తం బండే వంకరగా కనిపిస్తుంది. వదులు చేసి, తిప్పి, మళ్లీ బిగించి, చెమటలు కారిపోతూ ఇద్దరం ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం. చివరికి అమ్మ అరచేత్తో బలంగా తిప్పి చూసింది. కదల్లేదు.

ఇక బూటు. దాన్ని నాబ్ కింద ఎట్లా నిలబెట్టడం? జిగురు పెడదామన్నాను. అమ్మ నా వైపు జాలిగా చూసింది.

"నువ్వు పావడ కట్టుకునేటప్పుడు జిగురు పెట్టుకుంటావా?"

లోపలికి పోయి కొత్త పావడ బొందు ఒకటి తెచ్చింది. బూటు అడుగున ఉన్న చట్రాన్ని ఊడదీసి, బూటును లోపలి వైపు బయటికి వచ్చేట్టు తిరగేసి, నాబ్ మీదుగా పైకి లాగింది. ఇప్పుడు బూటు మెడ మాత్రం నాబ్ కింద రాడ్డుని హత్తుకుని ఉంది, మిగతాదంతా పైన తలకిందులుగా నిలబడింది. మెడలోని ప్లాస్టిక్ వలయానికి ఆనించి బొందు చుట్టింది. బిగించడానికి ఎడమ చెయ్యి పనికి రాలేదు. ఒక కొస పళ్ల మధ్య పట్టుకుని, రెండో కొస కుడి చేత్తో లాగి ముడేసింది. ఎంత నడిచినా వదలకుండా, లాగితే మాత్రం వచ్చేట్టు పావడలకి వేసే ముడి అది. తర్వాత బూటును కిందికి మడిచేసరికి ముడీ బొందూ లోపలికి పోయి, నాబ్ కింద నుంచి రెక్సిన్ నున్నగా దిగింది. చట్రాన్ని నొక్కి కూర్చోబెట్టింది. చూసినవాళ్లెవరైనా కంపెనీవాళ్లే చేశారనుకుంటారు.

ఇంజను ఆఫ్‌లోనే ఒక్కో గేరూ వేసి చూసింది. చక్కగా పడ్డాయి. ఆ బండిలో రివర్సు వేయాలంటే మాత్రం రాడ్డు మొత్తాన్ని కిందికి నొక్కి, తర్వాత పక్కకి తోయాలి.

"రివర్సు కూడా చూడు మా," అన్నాను.

"వొద్దు. కొత్తది పెట్టిన బండి, మొదట వెనక్కా? ముందుకి కదిలినాక చూసుకుందాం."

మా ఇళ్లల్లో అది చాలా గట్టి పట్టింపు. కొత్త టైరు వేసినా, కొత్త అద్దం బిగించినా నిమ్మకాయల మీదుగా బండి ముందుకే కదలాలి. మెట్ల మీద పడి చెయ్యి విరిగిన మనిషి, ఎంతో తెగువ ఉన్న మనిషి, అంత పెద్ద పరీక్ష ముందర పెట్టుకుని శకునానికి ఎదురు పోలేకపోయింది. రాడ్డుని కిందికి నొక్కనే లేదు.

గురువారం పొద్దున సన్నగా తుంపర పడుతోంది. పెద్దమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. పెదనాయన చెప్పులు విప్పి సంచిలో వేసుకుని అమ్మ పక్క సీట్లో కూర్చున్నారు. వెనక నేను, నా పక్కన పురసవాక్కంలో దించాల్సిన పావడల మూటలు. నాయన షిఫ్టు మార్చుకుని ఇంట్లోనే ఉన్నాడు. గేటు పట్టుకుని నిలబడ్డాడు.

పెదనాయన చూపు నేరుగా గేరు మీదికే పోయింది.

"ఇదేందమ్మా, గుండు మాదిరి?"

"చేతికి పట్టు దొరికేదానికి బావగారూ."

"దారం ఏదీ?"

నేను మూటల చాటుకి జరిగాను.

"ఉంది బావగారూ. తియ్యలేదు, లోపలికి పోయింది. మీరు కట్టింది కట్టినట్టే ఉంది."

ఆయన హుఁ అన్నారు. అది మెచ్చుకోలో కాదో మా ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ తెలిసేది కాదు. నిమ్మకాయలు చితికాయి. బండి వీధిలోకి దిగింది.

ఆ దారి పొడుగునా నేను ముందుకి వంగే కూర్చున్నాను. అమ్మ అరచెయ్యి ఆ నల్ల ఉండ మీద పడటం, ముందుకి తోయడం, వెనక్కి లాగడం, నా కళ్లు అక్కడే. వెనక్కి లాగేటప్పుడు సగం ముడిచిన వేళ్లు కొక్కెంలా పనికొచ్చాయి. పెదనాయన ఎడమ చేత్తో కిటికీ పైన పిడిని పట్టుకున్నారు. సైకిలు మీద గ్యాసు సిలిండరు పెట్టుకున్న మనిషి ఒకడు ఉన్నట్టుండి అడ్డం వచ్చాడు. అమ్మ బ్రేకు తొక్కి, గేరు తగ్గించి, వాడు దాటాక తీసింది. సిగ్నల్ దగ్గర ఆటోవాడు హారను మోగించి చంపుతున్నా అమ్మ తొణకలేదు.

పురసవాక్కం చేరేసరికి దీపావళి జనం రోడ్డు నిండా ఉన్నారు. గొడుగులు, సంచులు, బట్టల కొట్ల ముందు మైకుల గోల. మా మూటలు దించే కొట్టుకి మెయిన్ రోడ్డు మీద నుంచే పోవచ్చు. పెదనాయన హఠాత్తుగా చెయ్యి చూపించారు.

"ఈ సందులో తిప్పు."

అది ఒక బండి పట్టే సందు. ఒక పక్క మురిక్కాలువ, ఇంకో పక్క ఇళ్ల అరుగులు. కావాలనే అన్నారని నాకు అర్థమైంది. అమ్మకీ అర్థమైంది. మారు మాట్లాడకుండా తిప్పింది. సందు నడిమికి వచ్చాము. ఎదురుగా మూల మలుపు తిరిగి తణ్ణి లారీ వచ్చింది.

ఆ కాలంలో మద్రాసులో నీళ్ల లారీకి దారి ఇవ్వనివాళ్లు లేరు. లారీ వెనక బిందెలతో ఆడవాళ్లు పరుగెత్తుకొస్తున్నారు. లారీ ఒక్క అంగుళం వెనక్కి పోదు, పోలేదు. డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు.

"వండియ పిన్నాడి ఎడుమ్మా!"

బండి వెనక్కి తియ్యమని. అమ్మ క్లచ్చి తొక్కి, అరచెయ్యి నాబ్ మీద పెట్టి కిందికి నొక్కింది. రాడ్డు దిగలేదు. మళ్లీ నొక్కింది. ఒళ్లంతా వంచి, భుజం బరువంతా వేసి నొక్కింది. ఏదో గట్టిది అడ్డుపడినట్టు ఆగిపోతోంది. లారీ హారను. ఆడవాళ్ల కేకలు. ఎవడో అరుగు మీది నుంచి, పొంబళైక్కి ఎదుక్కు కారు అన్నాడు. ఆడదానికి కారెందుకట. వాణ్ణి దిగి కొడదామన్నంత కోపం వచ్చింది.

"పడలేదా?" అన్నారు పెదనాయన. "చెప్పినా గదమ్మా. ఆ చెయ్యి కాదు. చెప్పినా."

"చెయ్యి కాదు బావగారూ," అంది అమ్మ.

అప్పుడు తట్టింది నాకు. ఆమెకీ అదే క్షణంలో తట్టినట్టుంది, అద్దంలో నా వైపు చూసింది. నేను ముందు సీట్ల మధ్యలోకి వంగి బూటు చట్రాన్ని పట్టి పీకాను. రెక్సిన్ పైకి లేచింది. లోపల రాడ్డు మొదట్లో పసుపు ముద్ద, నిన్న మేము దించిన చోటే ఉంది. రాడ్డు కిందికి దిగాల్సిన రబ్బరు కప్పు నోట్లో కొమ్ములు అడ్డం పడి ఉన్నాయి. ఇనుము దిగకుండా పట్టేశాయి. బయటికి లాగబోయాను. వేళ్లకి జిడ్డు అంటుకుంది కాని అది కదల్లేదు.

పెదనాయన చూశారు. తన చేతులతో కట్టిన దారాలు, తన కొమ్ములు.

దారాలు కత్తిరించే చిన్న కత్తెర అమ్మ చేతిసంచిలో ఎప్పుడూ ఉంటుంది. కుడి చేత్తో తీసింది. ఒక్క క్షణం ఆగింది. అడుగుతుందేమో అనుకున్నాను. ఆయన వద్దంటే ఏం చేస్తుంది? వద్దంటే అంతా ఆ సందులోనే ముగిసిపోతుంది.

"మీరు ఇది కట్టింది బండి బాగుండాలనే గదా బావగారూ," అంది. జవాబు కోసం చూడలేదు. వంగి, కత్తెర మొన దారాల కిందికి తోసి నొక్కింది. ఏళ్ల జిడ్డు, ఒక పట్టాన తెగలేదు. పళ్లు బిగబట్టి కొరికించినట్టు కోసింది. చివరి పోగు తెగగానే ముద్ద విడిపోయింది. కొమ్ములు ఏరి తీసి, కింద పడేయకుండా తన ఒళ్లో కొంగు పరిచి అందులో వేసుకుంది. పెదనాయన ముఖం వైపు చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు.

మళ్లీ అరచెయ్యి. నొక్కింది. రాడ్డు మెత్తగా కిందికి దిగి, పక్కకి జరిగి, రివర్సులో పడింది. ఆ చిన్న చప్పుడు నాకు ఇంకా వినిపిస్తుంది.

కాని అసలు కష్టం అప్పుడే మొదలైంది. వెనక్కి ఆ సందంతా పోవాలి. కాలువ అంచుకి జానెడు చోటు. వెనక అద్దం మీద తుంపర, మూటలు అడ్డం, అమ్మకి సగమే కనిపిస్తోంది. మూటల్ని నా ఒళ్లోకి లాక్కున్నాను. బండి అంగుళం అంగుళంగా పోతోంది. పూలమ్మే ఆవిడ బుట్ట ఎత్తుకుని అరుగెక్కింది. లారీ మా ముక్కు మీదే వస్తోంది, దయలేకుండా. ఒకచోట వెనక చక్రం కాలువ అంచు రాయిని ఒరుసుకుంది. నేను కళ్లు మూసుకున్నాను.

"నిలుపు!"

పెదనాయన. కిటికీలోంచి తలా భుజాలూ బయటికి పెట్టి, వానలో తడుస్తూ వెనక్కి చూస్తున్నారు.

"కాలువ ఉంది. కుడి పక్కకి తిప్పు. ఇంకా. చాలు, చాలు. ఇప్పుడు రా. నేరుగా రా. రా అమ్మా, రా."

ఆ గొంతులో భయం ఉంది. కాని ఆ భయం ఇప్పుడు అమ్మ మీద కాదు, అమ్మతో కలిసి. ఆయన రమ్మన్నప్పుడు వచ్చింది, నిలపమన్నప్పుడు నిలిపింది. మెయిన్ రోడ్డు మీదికి వెనక చక్రాలు ఎక్కగానే లారీ మమ్మల్ని రాసుకుంటూ నీళ్లు చిమ్ముతూ వెళ్లిపోయింది. ఆయన తల లోపలికి తీసుకున్నారు. భుజం మీది కండువాతో ముఖం తుడుచుకున్నారు. అమ్మ ఎడమ చెయ్యి నాబ్ మీదే ఉంది.

కొట్లో మూటలు దించాము. కొట్టు ముందు నిలిపినప్పుడు అమ్మ కొంగులోని పసుపు కొమ్ములు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన వాటిని జేబులో వేసుకున్నారు. తిరుగు దారంతా నాకు ఒకటే ఆలోచన. రివర్సు పడలేదన్న మాట పట్టుకుంటారా? కత్తెర మాట పట్టుకుంటారా? దారం తెంచిన మనిషికి బండి ఇస్తారా? ఆయన పంతాలు నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవే. ఒకసారి పెళ్లి పందిట్లో తాంబూలం ఎడమ చేత్తో ఇచ్చారని ఒక కుటుంబంతో ఏళ్ల తరబడి మాట్లాడలేదు.

రాహుకాలానికి చాలా ముందే ఇల్లు చేరాము. నాయన గేటు దగ్గరే ఉన్నాడు, పొద్దున నిలబడ్డ చోటే. అమ్మ ఇంజను ఆపింది. తాళం తీసింది. తీసి చేతిలోనే ఉంచుకుంది, ఆయన వైపు చాచలేదు, దాచుకోనూ లేదు. నేను వెనక నుంచి ఆ తాళాన్నే చూస్తున్నాను.

పెదనాయన వెంటనే దిగలేదు. సంచిలోంచి చెప్పులు తీసి, తలుపు తెరిచి, కాళ్లు బయట పెట్టి తొడుక్కున్నారు. వీపు మా వైపే ఉంది.

"రేపు పది గంటలకి బ్యాంకుకి పోవల్ల నేను. రెడీగా ఉండమ్మా."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎగిరి గంతేయాలనిపించింది. ఈ మాటకి మా ఇంట్లో ఎవరైనా చెప్పాల్సిన జవాబు ఒకటే, సరే అని. అమ్మ కూడా అదే అంటుందని నేనూ, ఆయనా, నాయనా అందరం ఎదురు చూశాము.

"పదికి కుదరదు బావగారూ," అంది అమ్మ. "మనలిలో ఆడవాళ్లు సరుకు కోసం చూస్తా ఉంటారు. పోయి వచ్చేసరికి పన్నెండవుతుంది."

పెదనాయన లేచి బండి బయట నిలబడ్డారు. తుంపర ఆయన బట్టతల మీద పడుతోంది. నాయన గేటుని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఇంతా చేసి ఈ ఒక్క మాటతో అంతా పాడు చేసుకుందే అనుకున్నాను.

ఆయన వెనక్కి తిరిగి అమ్మను చూశారు.

"సరేమ్మా," అన్నారు. "నీ పని చూసుకోనే రా. పన్నెండుకి పోదాం."